నాబు తిప్పితే పాట మారిందా?



మహిమలను కళ్లారా చూశామని చెప్పేవాళ్లను "రుజువేది?" అని ముప్పై ఏళ్లుగా అడుగుతూ వస్తున్నాను. అదే ప్రశ్న నన్ను నేను వేసుకోవలసిన అవసరం మా ఇంటి హాల్లోనే వచ్చింది. చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది. అయినా చెప్పాలి.

రక్షణ ఖాతాల శాఖలో రిటైరయ్యాక, పాత పాటలు తీరిగ్గా వినాలన్న కోరికతో రెండు చిన్న స్పీకర్లు, ఒక సబ్‌వూఫరు, ఒక రిసీవరు కొన్నాను. నేను చదివింది బి.కాం. ఎలక్ట్రానిక్స్ తెలియదు. షాపు నుంచి వచ్చిన కుర్రాడు అన్నీ బిగించి, సబ్‌వూఫరు వెనక ఉన్న క్రాసోవర్ నాబును కొద్దిగా తిప్పి, "ఇప్పుడు వినండి సార్, మృదంగం ఎలా విచ్చుకుందో!" అన్నాడు. నిజంగానే విచ్చుకుంది. నేను తలూపాను. మా ఆవిడ తలూపింది. చూడ్డానికి వచ్చిన మా బావమరిది కూడా తలూపాడు.

వారం తర్వాత మాన్యువల్ తీసి చదివాను. లెక్కల వాడికి చిన్న అక్షరాలు చదవడం అలవాటు కదా. కుర్రాడు వైరు పెట్టింది ఎల్‌ఎఫ్‌ఈ అని రాసి ఉన్న సాకెట్లో. అందులో పెడితే సబ్‌వూఫరు మీది క్రాసోవర్ నాబు పనిచేయదట. విభజన అంతా రిసీవరే చూసుకుంటుంది. అంటే ఆ రోజు నాబు ఎంత తిప్పినా శబ్దంలో మారిందేమీ లేదు. మేం ముగ్గురం విన్నది లేని తేడాని.

కుర్రాడు మోసం చేశాడని నేను అనుకోను. బహుశా అతనికీ వినిపించే ఉంటుంది. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగాడని దేశమంతా చెంచాలు పట్టుకుని బారులు తీరింది. అప్పుడు మనం తలతన్యత గురించి చెప్పి నవ్వుకున్నాం. కానీ వాళ్లకు చెంచాలో పాలైనా తగ్గాయి. మాకు అదీ లేదు!

ఇంతకీ ఈ క్రాసోవర్ ఏమిటంటే, పని పంపకం. ఫలానా పౌనఃపున్యం కంటే కింది శబ్దాలు సబ్‌వూఫరుకి, పైవి స్పీకర్లకి. నా భాషలో చెప్పాలంటే, ఒకే బిల్లు రెండు సెక్షన్లలో పాసవకూడదు, ఏ సెక్షనుకీ చేరకుండా పోనూ కూడదు. రెండుసార్లు పాసయితే బేస్ దబదబలాడుతుంది. మధ్యలో పోతే పాట పల్చబడుతుంది.

నా చిన్న స్పీకర్లు 60 హెర్ట్జ్ దగ్గర నీరసించిపోతాయని వాటి మాన్యువలే చెబుతోంది. కాబట్టి వాటిని రిసీవరులో "స్మాల్" అని పెట్టి, గీత 80 దగ్గర గీశాను. ఈ 80 శాస్త్రవాక్యం కాదు, దానికో కారణం ఉంది. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 80 హెర్ట్జ్ దగ్గర ఒక్కో తరంగం నాలుగు మీటర్ల పైచిలుకు. మన రెండు చెవుల మధ్య ఉన్నది జానెడు. అంత పెద్ద తరంగం ఎటు నుంచి వస్తోందో మెదడు పోల్చుకోలేదు. గీత 150కి పెంచితే మగవాళ్ల గొంతులో అడుగు భాగం కూడా సబ్‌వూఫరుకి పోతుంది. వార్తలు చదివే ఆయన గది మూల నక్కి మాట్లాడుతున్నట్టుంటుంది.

ఫేజ్ స్విచ్ ఇంకొకటి. గీత దగ్గర ఇద్దరూ కొంత కొంత పలుకుతారు. ఒకరు ముందుకు నెడుతుంటే మరొకరు వెనక్కి లాగితే, జమా ఖర్చూ చెల్లుకు చెల్లయినట్టు శబ్దం పోతుంది. 80 హెర్ట్జ్ స్వరం పెట్టి, నేను కూర్చునే చోట ఫోన్లోని సౌండ్ మీటరు ఉంచి, స్విచ్ అటూ ఇటూ వేసి చూశాను. ఎటు వేస్తే మీటరు ఎక్కువ చూపిందో అటే ఉంచాను. ఫోన్ చూపే అంకె కచ్చితం కాకపోవచ్చు, కానీ రెంటినీ పోల్చడానికి అది చాలు.

ఇక మా బావమరిది. "బావగారూ, నైరుతిలో బరువుండాలి, సబ్‌వూఫరు అక్కడ పెట్టి చూడండి" అన్నాడు. పెట్టాం. బేస్ పెరిగింది! "చూశారా?" అన్నాడు. నేను వాదించలేదు. దాన్ని మోసుకెళ్లి ఈశాన్యంలో పెట్టాను. అక్కడా దాదాపు అంతే మోత. ఏ మూలైనా రెండు గోడలూ నేలా శబ్దాన్ని గదిలోకే తిప్పికొడతాయి. గోడకు దిక్కుతో పనిలేదు. వాస్తు సరిగ్గా చెప్పింది కదా అని నమ్మేముందు, తప్పయ్యే అవకాశం దానికి ఇచ్చామా అన్నది చూసుకోవాలి.

ఆ అవకాశం నా చెవులకూ ఇవ్వాలనిపించింది. నేను పక్క గదిలో ఉండగా మా ఆవిడ నాణెం ఎగరేసి, రిసీవరులో 80 గానీ 100 గానీ పెట్టి, కాగితం మీద రాసుకుని, తెర కనబడకుండా గుడ్డ కప్పేది. నేను వచ్చి విని, నా జవాబు వేరే కాగితం మీద రాసేవాణ్ణి. పదిసార్లలో ఆరు సరిపోయాయి. చెవులు లేకుండా నాణెం ఎగరేసినా అటూ ఇటూగా అన్నే వస్తాయి. తర్వాత 80కీ 150కీ పెట్టి చూశాం. పదికి పది. ఊహాగానంతో అలా జరగడానికి ఉన్న అవకాశం 1024లో ఒకటి.

అంటే చెవులు అబద్ధాలకోరులని కాదు. కొన్ని తేడాలు ఉన్నాయి, కొన్ని లేవు. ఏది ఏదో చెవికి తెలియదు, పరీక్షకు తెలుస్తుంది. మనవాళ్లలో కొందరు హేతువాదం అంటే ఎదుటివాడి నమ్మకాన్ని ఆడిట్ చేయడమే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ తన ఖాతా తానే పాస్ చేసుకునే హక్కు ఏ ఆడిటరుకీ లేదు.

ఆ సబ్‌వూఫరు వెనక నాబును ఇప్పటికీ అలాగే వదిలేశాను. ఎవరైనా తమకు జరిగిన మహిమను చెబుతుంటే మునుపటిలా వెంటనే నవ్వు రావడం లేదు. ముందు మా ముగ్గురి తలలూ ఊగిన ఆ సాయంత్రం గుర్తొస్తుంది. ఆ తర్వాతే, కాస్త మెత్తగా, రుజువేదని అడుగుతున్నాను.