దయ్యాల బీచి తెలుసు, చెట్ల దొర తెలియడు

సూరత్‌లో కాపురమున్న తెలుగువాడి ఇంటికి చుట్టాలు పెళ్లి చీరల కోసం వస్తారు. రింగ్ రోడ్డు మార్కెట్లన్నీ తిరిగి, మూటలు కట్టించి, పార్సిల్ ఆఫీసులో వేయించి, కాళ్లు లాగుతుంటే కూర్చుని టీ తాగుతూ అప్పుడడుగుతారు: "అవునన్నా, డుమస్ బీచిలో దయ్యాలున్నాయట కదా? ఫోన్‌లో వచ్చింది."

ఫోన్‌లో వచ్చిందంటే ఇక తిరుగు లేదు. "మీకు తెలుసా?" అని మొదలయ్యే ఆ మెసేజ్ నాకూ ఎన్నోసార్లు వచ్చింది. అక్కడ ఒకప్పుడు శవాలు కాల్చేవారట, ఆ బూడిద కలిసే ఇసుక నల్లబడిందట, రాత్రి పోయినవాళ్లు తిరిగి రారట. పొద్దుగూకాక అక్కడ టమాటా బజ్జీల బండ్ల దగ్గర ఎంతమంది నిలబడతారో చూస్తే దయ్యాలే దడుచుకుంటాయి. ఇసుక నల్లగా ఉన్నమాట నిజమే. తాపీ నది దక్కన్ నల్లరాతి నేలల మీదుగా పారి వస్తుంది. ఆ రాయి అరిగిన పొడినీ, అందులోని ఇనుప ఖనిజాన్నీ తెచ్చి సముద్రపు ఒడ్డున పోస్తుంది. ఆ రాయి మామూలు రాయి కాదు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట పడమటి దక్కన్‌లో నేల పగిలి లావా పొంగి, పొరమీద పొరగా పేరుకున్నది. అందులో కొంత పాత నదీలోయలు పట్టుకుని వెయ్యి కిలోమీటర్లు పారి రాజమండ్రి దగ్గర ఆగింది. అక్కడి కాటేరు, పంగిడి క్వారీల్లో కొట్టే నల్లరాయి అదే. భూమ్మీద అంత దూరం పారిన లావా ఇంకొకటి తెలియదని భూగర్భ శాస్త్రజ్ఞులు అంటారు. అంటే డుమస్ ఇసుకకూ గోదావరి గట్టు రాయికీ పుట్టిల్లు ఒకటే. ఇంత కథ కళ్లముందు పెట్టుకుని మనం ఫార్వర్డ్ చేసేది దయ్యాన్ని.

సరే, ఇసుక సంగతి అలా ఉంచండి. నా అసలు బాధ కతార్‌గామ్ దర్వాజా దగ్గర ఉంది. అక్కడ డచ్చివాళ్ల పాత శ్మశానం ఉంది. దాని మధ్యలో రెండంతస్తుల గుమ్మటం, చుట్టూ స్తంభాల వరండా. దూరం నుంచి చూసినవాళ్లు ఎవరో నవాబు గోరీ అనుకుంటారు. లోపల ఒకప్పుడు గోడల మీద బొమ్మలు, బైబిలు వాక్యాలు ఉండేవని పాత రాతలు చెబుతాయి. అందులో పడుకున్నాయన హెన్‌డ్రిక్ ఆడ్రియాన్ వాన్ రీడ్. పేరు ఎక్కడా విన్నట్టు లేదు కదా? అదే నా ఫిర్యాదు. మన నేల మీద చెట్టూ చేమా గురించి ప్రపంచంలో అచ్చయిన మొట్టమొదటి మహాగ్రంథం ఆయన చేయించింది.

1636లో పుట్టాడు. 1670 నుంచి 1677 దాకా డచ్ ఈస్టిండియా కంపెనీ తరఫున మలబారుకు అధిపతి, మకాం కొచ్చిలో. వచ్చిన పని మిరియాల బేరం. పట్టుకున్న పని వేరు. కేరళ అడవుల్లో, పెరళ్లలో మొలిచే ప్రతి మొక్కనీ తెప్పించి, బొమ్మ గీయించి, దాని గుణం రాయించాలని కూర్చున్నాడు. కంపెనీ సిపాయిలకు యూరప్ నుంచి వచ్చే పాతబడ్డ మందుల కన్నా ఇక్కడి ఆకులే మేలని నిరూపించాలన్న లెక్క కూడా ఉంది. సాధువేమీ కాదు. కానీ ఆ లెక్క దాటి చాలా దూరం పోయాడు. "హోర్టస్ మలబారికస్" అన్న పేరుతో ఆమ్‌స్టర్‌డామ్‌లో 1678లో మొదటి సంపుటం, 1693లో పన్నెండోది వచ్చాయి. ఏడు వందల పైచిలుకు మొక్కలు. మొదటి బొమ్మ కొబ్బరిచెట్టు. తర్వాత సంపెంగ, పొగడ, పనస, అన్నీ మన ఇళ్ల ముందువే. రాగిరేకు మీద చెక్కి అచ్చు వేసిన ఆ బొమ్మల్లో మొక్క పేరు రోమన్, మలయాళ, అరబీ, నాగరి అక్షరాల్లో ఉంటుంది. 17వ శతాబ్దంలో, ఆమ్‌స్టర్‌డామ్‌లో! మలయాళ అక్షరం అచ్చులో మొదట కనబడింది ఆ పుస్తకంలోనే.

నన్ను పట్టి కుదిపింది ఆ పేజీల్లో మరొకటి. ఈ విద్య తనది కాదని ఆయన దాచుకోలేదు. చేర్తల దగ్గరి ఈళవ వైద్యుడు ఇట్టి అచ్యుతన్ తన తాతతండ్రుల తాటాకులు ముందు పెట్టుకుని మొక్కల పేర్లు, గుణాలు, ఏ జబ్బుకు ఏ భాగం పనికొస్తుందో చెప్పాడు. రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అనే ముగ్గురు కొంకణి వైద్యులు సరిచూశారు. మలయాళంలో చెప్పింది పోర్చుగీసులోకి, అక్కణ్ణుంచి డచ్చిలోకి, చివరికి లాటిన్‌లోకి పోయింది. 1675లో ఆ వైద్యులు ఇచ్చిన సాక్ష్యపత్రాలను వాళ్ల చేవ్రాళ్లతో, వాళ్ల లిపుల్లోనే మొదటి సంపుటంలో అచ్చు వేశారు. ఆ రోజుల్లో అంటరానివాడిగా చూసిన కులపు వైద్యుడి పేరు, రాజుల పేర్లు కూడా సరిగ్గా రాయని తెల్లవాళ్ల పుస్తకంలో మొదటి పేజీల్లో నిలిచింది.

స్వీడన్‌లోని లినేయస్ భారతదేశం మొహం చూడలేదు. 1753లో ప్రపంచంలోని మొక్కలకు రెండు మాటల శాస్త్రీయ నామాలు పెడుతూ మన మొక్కల కోసం ముందు వేసుకు కూర్చున్నది ముఖ్యంగా ఈ పన్నెండు సంపుటాలే. బడి పుస్తకంలో లినేయస్ ఉంటాడు, పరీక్షలో అయిదు మార్కులకు వస్తాడు. ఆయనకు పుస్తకం ఇచ్చినవాడు సూరత్‌లో గోరీ కింద ఉంటాడు. ఆ పుస్తకానికి ప్రాణం పోసిన అచ్యుతన్‌కి అంత పెద్ద గోరీ కూడా లేదు.

ఇంతకీ మలబారు మనిషి సూరత్‌కి ఎందుకొచ్చాడంటే, వచ్చింది శవంగా. 1684లో కంపెనీ ఆయన్ని కమిషనర్ జనరల్‌గా వేసింది. కొలువుల్లో పెరిగిన లంచగొండితనం పట్టుకోవడం ఆయన పని. బెంగాల్ చూసి, మన తూర్పు కోస్తాకి వచ్చాడు. పులికాట్‌లో ఉన్న డచ్చి ముఖ్య కొలువును 1690లో నాగపట్నానికి మార్చింది ఆయన తీసుకున్న నిర్ణయమే. మళ్లీ మలబారు చూసుకుని సూరత్ లెక్కలు తేల్చడానికి ఓడెక్కాడు. 1691 డిసెంబర్ 15న బొంబాయి దగ్గరి సముద్రంలో ఓడలోనే పోయాడు. లెక్కలు అడగడానికి రావలసిన అధికారి శవపేటికలో వచ్చేసరికి ఇక్కడి కొలువువాళ్లు ఎంత ఊరట చెందారో మనం ఊహించుకోవచ్చు. అప్పటికే పక్కన ఇంగ్లీషువాళ్లు తమ ఆక్సెండెన్ అన్నదమ్ములకు పెద్ద సమాధి కట్టుకున్నారు. దాన్ని మించాలన్న పంతం కూడా ఈ గుమ్మటంలో ఉందంటారు. 1692 జనవరిలో పెద్ద ఊరేగింపుతో పూడ్చారు. గొప్ప కోసం కట్టినా, లోపలున్న మనిషి నిజంగా గొప్పవాడు కావడం అదృష్టం.

సూరత్‌లో తవ్వుకుంటే ఇలాంటివి ఎన్నో. 1690ల మొదట్లో ఇక్కడున్న ఓవింగ్టన్ అనే పాదిరీ రాశాడు: ఆవులకు, మేకలకు, కుక్కలకు ఆసుపత్రి నడిపే బనియాలు దాని పక్కనే నల్లులకూ గోమార్లకూ కూడా ఒకటి నడిపేవారట. వాటి ఆకలి తీర్చడానికి ఒక పేదవాణ్ణి కూలికి తెచ్చి రాత్రంతా మంచానికి కట్టి పడుకోబెట్టేవారట, మధ్యలో లేచి పారిపోకుండా. అహింస ఎంత దూరం పోగలదో, ఆ దూరంలో కూలివాడి ఒళ్లు ఏ లెక్కలో ఉంటుందో ఆ ఒక్క ముక్కలో ఉంది. సువాలి రేవు దగ్గర రాజ్‌గరిలో ఒక గుమ్మటాన్ని టామ్ కోర్యాట్ సమాధి అంటారు. ఆయన సిరియాలోని అలెప్పో నుంచి అజ్మీరు దాకా నడిచి వచ్చిన పిచ్చి మనిషి, ఇంగ్లండుకు భోజనపు ఫోర్కు సంగతి చెప్పినవాడు. 1617లో సూరత్‌లోనే పోయాడు. గోల్కొండ వజ్రాల కోసం ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే సూరత్‌లో దిగి మన దారి పట్టేవాడు. ఆ వజ్రాలు తీసిన కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉందని మనలో ఎందరికి గుర్తుంది? పోగొట్టుకోవడంలో మనం ఎవరికీ తీసిపోం.

ఆ మాట ఊరికే అనలేదు. వాన్ రీడ్ సమాధి దగ్గర నిలబడితే నాకు సామర్లకోట గుర్తొస్తుంది. ఆయన పోయిన తొంభై ఏళ్లకు వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ అక్కడ మకాం వేసి మన కోస్తా మొక్కల బొమ్మలు గీయించాడు. 1795 నుంచి లండన్‌లో మూడు సంపుటాలుగా 300 బొమ్మలు అచ్చయ్యాయి. చాలా మొక్కలకు తెలుగు పేర్లు ఉన్నాయి. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో మన పాముల మీద పుస్తకం తెచ్చాడు. రక్తపింజరికి శాస్త్రంలో ఈయన పేరే నిలిచింది, కాటుకరేకుల పొడ అన్న మన మాటను ఆయనే రాసి ఉంచినా. మరి ఆ మొక్కలను పట్టుకొచ్చి పేరు చెప్పిన తెలుగువాళ్లెవరు? ఆకు మీద ఈనె కూడా తప్పకుండా బొమ్మ గీసిన ఆ చేతులెవరివి? రాక్స్‌బర్గ్ చెప్పలేదు. మనం అడగలేదు. కేరళకు అచ్యుతన్ పేరు మిగలడానికి కారణం ఈ గోరీలోని మనిషి. మనకు ఆ అదృష్టం పట్టలేదు గనుకే, ఆ పని చేసినవాణ్ణి మనమే ఎక్కువ నెత్తిన పెట్టుకోవాలి.

మలయాళీలు పెట్టుకున్నారు. కాలికట్ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పిన కె.ఎస్. మణిలాల్ తన జీవితంలో మూడు దశాబ్దాలకు పైగా ఈ పుస్తకానికే ధారపోశాడు. లాటిన్ నేర్చుకుని, ఒక్కో మొక్కనీ అడవిలో వెతికి పట్టుకుని, 2003లో ఇంగ్లీషులో, 2008లో మలయాళంలో తెచ్చాడు. 2020లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 జనవరి 1న కన్నుమూశాడు. ఆ కబురు మన తెలుగు చానెళ్లలో ఎంతసేపు నడిచిందో మీకే తెలుసు.

"పరాయి కంపెనీ దొర గోరీ మనకెందుకు?" అని నన్ను ముఖం మీదే అడిగినవాళ్లున్నారు. తాజ్‌మహల్ ముందు ఫోటో దిగేటప్పుడు ఈ ప్రశ్న వాళ్లకు రాదు. కంపెనీ మన నేతగాళ్ల పొట్ట కొట్టిందని నాకు తెలుసు, నేతగాళ్ల బస్తీలోనే బతుకుతున్నాను. కానీ దోచుకుపోయినవాటి లెక్కలో ఈ పుస్తకాన్ని వేయలేను. ఇందులో ఎవరి విద్యో వాళ్ల పేరుతోనే రాసి ఉంది.

సూరత్ తెలుగువాళ్లకు ఇంకో మాట. లింబాయత్ నుంచి ఉధనా దాకా వేలాది కుటుంబాలం ఉన్నాం. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ నుంచి వచ్చి సాంచెలు నడిపి స్థిరపడ్డవాళ్లం. ఇక్కడి మున్సిపాలిటీ తెలుగు మాధ్యమం బడులు కూడా నడిపింది. ఆ మర్యాద చిన్నది కాదు. మన ఆడవాళ్లు బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు, గునుగు దొరక్కపోతే ఊరి నుంచి తెప్పించుకుంటారు. ఒక్కో పువ్వు పేరు, ఏ పువ్వు ఎక్కడ పెట్టాలన్నది అత్త కోడలికి చెబుతుంది. పూల పేర్ల మీద ఇంత పట్టుదల ఉన్నవాళ్ల పిల్లలకు, పూల పేర్లు ప్రపంచం చేత రాయించినవాడు తమ బడికి కాసేపటి దారిలోనే ఉన్నాడని ఎవరూ చెప్పరు. పిక్నిక్ అంటే నీళ్ల పార్కుకే తీసుకుపోతారు.

ఈ ఊరు చేయలేదా అంటే చేయగలదు. 1994లో ప్లేగు భయంతో లక్షలమంది మూటాముల్లె కట్టుకుని పారిపోయిన ఊరు ఇది. మరుసటి ఏడు కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు వీధుల్లో నిలబడి, రెండేళ్లు తిరక్కుండానే దేశంలో శుభ్రమైన నగరాల్లో రెండోదన్న పేరు తెప్పించారు. ఆ ఇంటిపేరు మనదేనని నేను చెప్పక్కర్లేదు. మురుక్కాలవలను మార్చిన ఊరికి ఒక సమాధి దగ్గర నాలుగు పేర్లు చెక్కించడం ఎంత పని? కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, కాబట్టి కూలగొట్టరన్న ధైర్యం ఉంది. కూల్చకపోవడం గౌరవం కాదు.

2028కి "హోర్టస్" మొదటి సంపుటానికి 350 ఏళ్లు నిండుతాయి. ఆలోగా ఆ ఆవరణలో ఒక రాయి నిలబెట్టాలి. దాని మీద వాన్ రీడ్ పేరుతో పాటు ఇట్టి అచ్యుతన్, రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు పేర్లు గుజరాతీలో, మలయాళంలో, తెలుగులో ఉండాలి. చుట్టూ మొదటి సంపుటంలోని చెట్లే నాటాలి, ఒక కొబ్బరి, ఒక సంపెంగ, ఒక పొగడ. ఇక్కడి తెలుగు సంఘాల పెద్దలకు, బడి పంతుళ్లకు, కార్పొరేటర్లకు నా విన్నపం ఇది: తలా ఒక ఉత్తరం రాయండి, పురావస్తు శాఖకు ఒకటి, మున్సిపాలిటీకి ఒకటి. రాసేముందు ఒక్కసారి వెళ్లి చూడండి. ఆటో అతనితో ఉత్తి "డచ్" అంటే నాన్‌పురాలో ఉన్న డచ్ గార్డెన్‌కి తీసుకుపోతాడు. కతార్‌గామ్ దర్వాజా, డచ్ కబ్రస్తాన్ అని చెప్పండి.