పట్టికలో 'ఇతరులు' ఎవరు?



తెలుగు పండితుడుగా పదవీ విరమణ చేసి ఏండ్లు గడిచినా, అచ్చుతప్పులు దిద్దే అలవాటు నన్ను వదలలేదు. మా వీధి చివర సి.ఎస్.ఐ. దేవాలయం ఒకటి ఉన్నది. ఆ సంఘం వారు మూడు నెలలకొకసారి వెలువరించే చిన్న వార్తాపత్రికకు ప్రూఫులు దిద్దేది నేనే. నేను ఆ సంఘ సభ్యుడను కాను. అయితే నా ఉద్యోగకాలమంతా మిషను బడిలోనే గడిచింది. కాబట్టి అక్కడి అయ్యగారు వచ్చి, "మాస్టారూ, మా తెలుగును మీ చేతిలో పెడుతున్నాము" అన్నప్పుడు కాదనలేకపోయాను.

ఇటీవల కోత పండుగ సంచిక ప్రూఫులు చూస్తుండగా ఒక మాట దగ్గర నా ఎర్రసిరా కలం ఆగిపోయింది. అది అచ్చుతప్పు కాదు, వ్యాకరణదోషమూ కాదు. "ఇతరులు" అనే మాట. దానిని గురించే ఈ టపా.

ముందుగా రెండు పదాల పుట్టుక చెప్పనివ్వండి. పండితుని చాదస్తమని నవ్వుకున్నా సరే, చివరకు వాటితో పని పడుతుంది.

బిషప్పుల పర్యవేక్షణలో నడిచే సంఘాలను 'ఎపిస్కోపల్' సంఘాలంటారు. దీనికి మూలం గ్రీకులోని 'ఎపిస్కోపోస్'. 'ఎపి' అంటే మీద, 'స్కోపోస్' అంటే చూచువాడు. ఇంగ్లీషులోని బిషప్ అనే మాట దీనికి వికృతియే. తెలుగు బైబిలులో దీనిని 'అధ్యక్షుడు' అన్నారు. ఆ అనువాదం చేసిన మహానుభావుడెవరో గాని ఆయనకు నమస్కారం. 'అధి' అంటే పైన, 'అక్షము' అంటే కన్ను. గ్రీకు మాటకు సంస్కృతపు మాట అచ్చుగుద్దినట్లు సరిపోయింది. అందరి మీదా కన్ను వేసి ఉంచేవాడు అధ్యక్షుడు. రెండవ పదం 'పారిష్'. దీనికి మూలమైన గ్రీకు పదం 'పరోయికియా'. ఇంటి ప్రక్కన ఉండడం, పరాయిచోట కాపురముండడం అని అర్థం. అంటే పారిష్ అనగా పొరుగు.

అమెరికాలో స్వాతంత్ర్య యుద్ధం ముగిసిన తరువాత అక్కడి ఆంగ్లికనులు ఇంగ్లండు సంఘం నుండి విడివడి, 1789లో తమ సంఘాన్ని ఏర్పరచుకొని దానికి ఎపిస్కోపల్ అనే పేరు పెట్టుకున్నారు. మన దేశంలో అదే ఆంగ్లికన్ శాఖ, మెథడిస్టు తదితర శాఖలతో కలిసి 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడింది. దానినే మనం సి.ఎస్.ఐ. అంటున్నాము. ఆ విధంగా మా వీధి చివరి దేవాలయమూ, నా పూర్వవిద్యార్థి ఒకడు అమెరికాలో ఆదివారం వెళ్ళే ఎపిస్కోపల్ దేవాలయమూ దూరపు చుట్టాలు.

తెలుగు నేల మీద ఈ కథ చెప్పేటప్పుడు దోర్నకల్లును తలవక తప్పదు. వేదనాయకం శామ్యూలు అజరయ్య తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. నిజాము రాజ్యంలో ఉండిన దోర్నకల్లుకు వచ్చి, తెలుగు నేర్చి, ఇక్కడి వాడైపోయాడు. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. దోర్నకల్లులో ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైంది. గుమ్మటాలు, మినార్లు, మండపపు స్తంభాలు అన్నీ కలిసిన కట్టడమది. మహబూబాబాదు వైపు వెళ్ళేవారు తప్పక చూడవలసినది.

నేనిక్కడ గుర్తుచేయదలచినది ఆ కట్టడపు అందాన్ని కాదు. ఆనాడు ఆయన సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కూలీలు. చేతిలో కాసు ఆడని జనం. అయినా, సంఘం తన కాళ్ళ మీద తాను నిలబడాలనీ, ఇవ్వడం కలవారి హక్కు మాత్రమే కాదనీ అజరయ్య పట్టుబట్టాడు. క్రైస్తవ దానాన్ని గురించి ఒక పుస్తకమే వ్రాశాడు. మన సంఘాలలో 'పిడికెడు బియ్యం' అనే ఆచారం ఉన్నది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి విడిగా కుండలో వేస్తుంది. ఆదివారం నాడు అది దేవాలయానికి చేరుతుంది. రోజుకూలికి వెళ్ళే ఇంటిలో పిడికెడు బియ్యమంటే ఎవరో ఒకరి ముద్ద తగ్గడమే. అలా కూడిన బియ్యంతో సంఘాలు నడిచాయి, బడులు నడిచాయి. గుఱ్ఱం జాషువా 1941లో వెలువరించిన గబ్బిలం కావ్యంలో, గుడి తలుపులు మూసి ఉన్నవాడు తన గోడు శివునికి చెప్పమని గబ్బిలాన్ని పంపవలసి వచ్చింది. అదే కాలంలో, అదే తెలుగు నేల మీద, అటువంటి వారే తమ పిడికిళ్ళతో తమకొక గుడి కట్టుకుంటున్నారు.

ఇక మా వీధి చివరి సంఘానికి వస్తాను. నేను బడిలో చేరిన రోజులలో అక్కడ ఆదివారం సగం బల్లలు ఖాళీగా ఉండేవి. బైపాసు రోడ్డు పడి, దాని వెంట కాలనీలు లేచి, పిల్లల చదువుల కోసం పల్లెల నుండి కుటుంబాలు తరలివచ్చాక పరిస్థితి మారిపోయింది. ఇప్పుడు ఆదివారానికి రెండు ఆరాధనలు. పండుగ నాడు బయట షామియానా వేయవలసిందే. దేవాలయాన్ని పెంచి కట్టాలని పాస్టరేట్ కమిటీ తీర్మానించింది.

ఆ వార్తాపత్రిక చదవడం నాకు ఇష్టం. బాప్తిస్మం పొందిన పసిబిడ్డల పేర్లు, పెండ్లి ప్రకటనలు, ప్రభువునందు నిద్రించినవారు, పదవ తరగతి ప్యాసైన పిల్లలు, స్త్రీల మైత్రి వారు ఆసుపత్రిలో పరామర్శించిన రోగులు, కోత పండుగ వేలంలో గుమ్మడికాయ పలికిన ధర, సాయంత్రం ఉచితంగా లెక్కలు చెప్పే ఒక బ్యాంకు గుమాస్తా, ఇవీ అందులోని విశేషాలు. పెద్ద పత్రికలలో ఈ మనుషుల పేర్లు ప్రమాదం జరిగితే తప్ప రావు. ఇక్కడ పుట్టినందుకు వస్తాయి, పెండ్లాడినందుకు వస్తాయి, పిడికెడు బియ్యం ఇచ్చినందుకు వస్తాయి. ఆరాధన ముగిశాక ఈ పేర్లను పైకి చదువుతారు. చదువురాని వారు కూడా తమ పేరు వింటారు.

అటువంటి పత్రికలో 'ఇతరులు' ఎలా ప్రవేశించారో చెప్పాలి. దాచడమెందుకు? ఆ పాపానికి బీజం వేసినవాడను నేనే.

కానుకల పట్టికలో పేర్లు ఒక్కొక్క సంచికలో ఒక్కొక్క విధంగా ఉండేవి. ఒకచోట మరియమ్మ, మరొకచోట మేరమ్మ. ఒకచోట ఏసోబు, మరొకచోట యేసోబు. దిద్దలేక విసుగెత్తి, "ఈ చిన్న మొత్తాల పట్టిక ఇంత పొడుగెందుకు? కుదించరాదా?" అని నిరుడు ప్రూఫు అంచున వ్రాశాను. వాళ్ళు నా మాట మన్నించారు. నిరుటి కోత పండుగ సంచికలో భవన నిధికి పెద్ద మొత్తాలిచ్చిన వారి పేర్లు, అంకెలతో సహా, పెద్దది మొదలు చిన్నది వరకు వరుసగా వచ్చాయి. ఒక హద్దుకు దిగువనున్న వారందరూ కలిసి చివరి పంక్తిలో 'ఇతరులు' అయ్యారు. పుట చక్కగా కుదిరిందని సంతోషించాను కూడా.

ఆ సంఘంలో బియ్యపు అవ్వ అని అందరూ పిలిచే ముసలామె ఉన్నది. ఇంటింటికీ తిరిగి పిడికెడు బియ్యం పోగుచేసి డబ్బాలో తెచ్చేది ఆమెయే. ఆ సంచిక వచ్చిన కొన్నాళ్ళకు మా అరుగు దగ్గర ఆగి ఆమె అడిగిన మాట ఇది: "అయ్యగారూ, ఈపాలి కాయితంలో మా పేర్లు చదవలేదు. బియ్యం గానీ తక్కువైనాయా?"

నా దగ్గర జవాబు లేదు. "లేదమ్మా, చోటు తక్కువైంది" అన్నాను. ఆమె "అంతేనా" అని వెళ్ళిపోయింది. పట్టిక కుదించమన్నది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు.

ఈ యేడు మళ్ళీ ప్రూఫులలో అదే పంక్తి కనబడింది. ఈసారి నేనే కోశాధికారి దగ్గరకు వెళ్ళాను. అతడు నా పూర్వవిద్యార్థి. సంగతి చెప్పగా మర్యాదగా విని, "మాస్టారూ, సంఘం పెరిగింది. అందరి పేర్లూ వేస్తే పేజీలు పెరుగుతాయి. పైగా కట్టడానికి పెద్ద మొత్తాలు కావాలి. పేరు కనబడితే ఇచ్చేవాళ్ళున్నారు. బియ్యం అమ్మితే సిమెంటు బస్తాలు కూడా రావు" అన్నాడు.

అతని మాటలో అబద్ధం లేదు. కట్టడం కట్టవలసిన బాధ్యత అతనిది. కబుర్లు చెప్పే తీరిక నాది. ఇది ఒక్క దేవాలయానికే ఉన్న జబ్బూ కాదు. మన గుళ్ళలో ఫ్యాను రెక్కల మీద దాత పేరు, ఆయన తండ్రి పేరు, ఊరి పేరు వ్రాస్తారు. ఫ్యాను తిరిగితే పేరు కనబడదని దానిని ఆపి ఉంచిన చోట్లు నేనెరుగుదును.

అయినా నా అభిప్రాయం మారలేదు. కారణాలు చెబుతాను.

మొదటిది. ఆ మతగ్రంథంలోనే, ధనవంతులు కానుకపెట్టెలో వేస్తుండగా రెండు చిన్న కాసులు వేసిన పేద విధవరాలే అందరికంటె ఎక్కువ ఇచ్చిందని క్రీస్తు చెప్పిన వృత్తాంతం ఉన్నది. దానిని ఏటేటా ప్రసంగాలలో చెబుతూ, పట్టికలో మాత్రం ఆమెను చివరి పంక్తిలోకి తోయడం పొసగదు.

రెండవది. పెరుగుదలను కొలిచే పద్ధతిని గురించి. అమెరికాలోని నా విద్యార్థిని అడిగాను. అక్కడి ఎపిస్కోపల్ సంఘాలు ఏటా ఒక నివేదిక సమర్పిస్తాయట. అందులో ముఖ్యమైన అంకె ఆదివారపు సగటు హాజరు. 'వెస్ట్రీ' అనే పాలకవర్గాన్ని సభ్యులు వార్షిక సభలో ఎన్నుకుంటారు. ఎవరు ఏడాదికి ఎంత ఇస్తామని మాట ఇచ్చారో ఆ అంకెను తన సంఘంలో గోప్యంగా ఉంచుతారని అతడు చెప్పాడు. అక్కడివారంతా ధర్మాత్ములని నేననడం లేదు. మొత్తం పైకి చెప్పకుండానే సంఘం నడపవచ్చునని మాత్రం తెలుస్తున్నది.

"అలాగైతే ఎవరి పేరూ వేయవద్దు. కుడిచేయి ఇచ్చినది ఎడమచేతికి తెలియకూడదు కదా" అని కమిటీలో ఒక పెద్దమనిషి అన్నారు. న్యాయమైన మాట. సగం పేర్లు వేయడం కంటె అసలు వేయకపోవడమే నయం. కాని పేర్లు వేయడంలో రెండు విధాలున్నాయి. ఒకటి కీర్తి కోసం వేసేది. రెండవది, నీవు మాలో ఉన్నావని చెప్పడానికి వేసేది. కలవారికి మొదటిది చాలాచోట్ల దొరుకుతుంది. బియ్యపు అవ్వకు రెండవది దొరికే చోటు అదొక్కటే. దానిని ఆమె నుండి తీసివేయడాన్ని నిరాడంబరత అనుకోలేను.

కనుక నేను సూచించినది ఇంతే. అంకెలు తీసివేసి అందరి పేర్లూ అకారాది క్రమంలో వేయండి. చోటు చాలకపోతే పెద్దల సందేశాలూ ఛాయాచిత్రాలూ తగ్గించండి. ఆరాధన తరువాత పేర్లు చదవడం మానకండి. పేర్ల వర్ణక్రమం దిద్దే బాధ్యత నాది, ఇక విసుక్కోను.

అయ్యగారు ఓపికగా విన్నారు. ఈ సంచిక వరకు అలాగే వేయడానికి కమిటీ ఒప్పుకున్నది. రెండు రాత్రులు కూర్చుని ఆ పేర్లన్నీ దిద్దాను. మరియమ్మను మరియమ్మగానే ఉంచాను. మేరమ్మ వేరే మనిషి అని అప్పుడు తెలిసింది! ఇన్నాళ్ళూ ఇద్దరినీ ఒకరే అనుకొని దిద్దుతూ వచ్చానన్నమాట. అయితే కొత్త కట్టడానికి వేయబోయే శిలాఫలకం మీద ఎవరి పేర్లుండాలన్నది ఇంకా తేలలేదు. కాగితం చిరుగుతుంది గాని రాయి నిలుస్తుంది. కాబట్టి అసలు పరీక్ష అక్కడే.

అధ్యక్షుడంటే అందరి మీదా కన్ను ఉంచేవాడు, పారిష్ అంటే పొరుగు అని మొదట చెప్పాను. పొరుగువాడిని పేరు పెట్టి పిలుస్తాము గాని 'ఇతరుడా' అని పిలవము. బ్రతుకంతా బడిలో హాజరుపట్టీ పిలిచినవాడను. తరగతిలో పదిమంది ఉన్నా, ఎనభైమంది ఉన్నా, ప్రతి పేరూ పిలిచాను. ప్రతి గొంతూ పలికింది. ఆ పట్టీలో 'ఇతరులు' అనే గడి నాకెన్నడూ కనబడలేదు.

మీ ఊరి గుడిలో, మసీదులో, చర్చిలో, గ్రంథాలయంలో ఈ సమస్యను ఎలా పరిష్కరించుకున్నారో తెలుపగోరుతాను. నా వాదంలో లోపముంటే నిస్సంకోచంగా చెప్పండి.

స్వస్తి.