తీజ్ తేదీ ఎవరు పెట్టాలి?

నారాయణఖేడ్ ప్రాంతంలోని కల్హేర్ లంబాడీ తండాలకు పర్యాటకులు బస్సులు కట్టుకొని వచ్చే రోజు ఇంకా రాలేదు. అయితే నిజాంసాగర్ జలాశయం దూరం కాదు, హైదరాబాద్ నుంచి నాందేడ్ వైపు పోయే 161వ జాతీయ రహదారి చేరువలోనే ఉంది, నగరంలో శని ఆదివారాలు గడపడానికి కొత్త చోటు వెతుక్కునే జనానికి కొదవ లేదు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ భూదాన్ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. నారాయణఖేడ్ లంబాడీ తండాల వంతు రేపో మాపో రావచ్చు. అప్పుడు సంస్కృతి చెడిపోతుందా, నిలబడుతుందా అని వాదించుకోవడంలో నాకు పెద్ద ఆసక్తి లేదు. ఏది చూపాలో, ఎప్పుడు చూపాలో తండా చెప్పగలదా, వచ్చిన డబ్బుకు లెక్క అడగగలదా అన్నదాన్నిబట్టే మిగతాదంతా తేలుతుంది.

నేపాల్‌లోని సిరుబారి గురుంగు తెగవాళ్ల ఊరు. అక్కడ 1997లో పల్లె పర్యాటకం మొదలైంది. ఏ అతిథి ఎవరింట్లో దిగాలో ఊరి కమిటీయే వంతుల వారీగా తేల్చేది. బయటి హోటలు యజమానికి అందులో చోటు లేదు. గురుంగుల ఆతిథ్యం వాళ్ల ఇళ్లలోనే, వాళ్ల అదుపులోనే నడవడానికి ఈ వంతుల పద్ధతే కారణం. కానీ అతిథులకు ఎదురేగి పంచేబాజా మేళం వాయించేది దమాయిలు, అంటే దళితులు. అతిథికి గది ఇవ్వగలిగిన ఇళ్లు ఎక్కువగా గురుంగులవి. కాబట్టి ఊరి చేతికి పగ్గాలు వస్తే చాలదు, ఊళ్లో అవి ఎవరి చేతికి పోయాయో కూడా చూడాలి. ఇక మన అరకులో పండగ పూట ఊరంతా కలిసి ఆడే ధింసా, అతిథి గృహాల ముందు అడిగినప్పుడల్లా ఆడే కూలి ఆటగా కూడా మారింది. కూలి దొరకడం తప్పేమీ కాదు. ఆట ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో ఆడేవాళ్లు కాక డబ్బిచ్చేవాళ్లు చెప్పడమే చిక్కు.

లంబాడీల తీజ్ పండగకు ఈ చిక్కు మరింత సూటిగా తగులుతుంది. పెళ్లికాని ఆడపిల్లలు తండా పెద్ద అయిన నాయక్ ఇంటికి వెళ్లి అనుమతి అడిగితేనే ఆ పండగ మొదలవుతుంది. బుట్టల్లో పుట్టమన్ను పోసి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు నీళ్లు పోస్తూ పాడుకొని, చివరికి మొలకలను నీళ్లలో కలుపుతారు. మొలక తన వేళకు తాను వస్తుంది, హోటలు బుకింగు కోసం ముందుకు జరగదు. కుట్టుపని సంగతి వేరు. అద్దాలు పొదిగిన కాంచళి రవికలు, పేటియా లంగాలు ఎన్ని అమ్ముడైతే కుట్టే చేతికి అంత మేలు. అమ్మదగినది ఏదో, అమ్మరానిది ఏదో గీత గీయాల్సింది తండాయే. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలకు సొంత పంచాయతీలు వచ్చాయి కాబట్టి, ఆ మాట చెప్పడానికి వేదిక కూడా ఉంది.

కడుపు కాలేవాడికి ఈ గీతలెందుకని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చెరకు కోతకు, హైదరాబాద్ కూలికి పోయే కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. ఊళ్లోనే నాలుగు రూపాయలు దొరుకుతాయంటే వద్దనే హక్కు పత్రికల్లో రాసేవాళ్లకు లేదు. అయితే పర్యాటకం ఆ కూలివాడికి ఆదాయం అవుతుందా, లేక అతని పొలాన్ని రిసార్టు చేస్తుందా? అరకు షెడ్యూల్డ్ ప్రాంతం. 1970 నాటి 1వ నంబరు చట్టం అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా అడ్డు నిలబడుతుంది. అయినా బినామీ ఆరోపణలు ఆగలేదు. షెడ్యూల్డ్ ప్రాంతం కాని కల్హేర్‌కు ఆ అడ్డు కూడా లేదు. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమి అమ్మకాన్ని 1977 చట్టం నిషేధిస్తుంది గానీ, పట్టా భూమిని ఎవరైనా కొనవచ్చు. సంస్కృతి ఎలాగూ మారుతోంది, తీజ్ ఊరేగింపులోకి డీజే రాలేదా అనేది మరో వాదన. వచ్చింది. తెచ్చుకున్నది ఆ తండా కుర్రాళ్లే, వద్దనుకుంటే పంపించేదీ వాళ్లే. టికెట్టు కొన్నవాడి కోసం పెట్టిన డీజేను ఆపమని వాళ్లు ఎవరికి చెప్పాలి?

పంచాయతీ కూడా ఇద్దరు ముగ్గురు పెద్దల గుప్పిట్లో పడుతుందన్న భయం మాత్రం కొట్టిపారేసేది కాదు. అందుకే అతిథుల వంతులు, పాడే ఆడవాళ్లకు ఇచ్చే సొమ్ము, ఊరి ఖాతాలో జమ అయినది గ్రామసభలో చదివి వినిపించాలి. గది లేని ఇంటికి వంటలోనో కుట్టుపనిలోనో వాటా ముందే రాసిపెట్టాలి. పర్యాటక శాఖ ఏ తండాకైనా డబ్బు విడుదల చేసేముందు ఇవన్నీ రాసిన గ్రామసభ తీర్మానం కాగితం అడిగితే చాలు, దీనికి కొత్త చట్టం అక్కర్లేదు.