కట్టని కట్టడము

కట్టిన యింటిని గురించి వ్రాయుట సులభము. గోడలు కొలువవచ్చును, గడప దాటి చూడవచ్చును, కాపురమున్నవారిని మంచిచెడ్డలు అడుగవచ్చును. ఎన్నడును కట్టబడని భవనమును కాగితముపై ఊహించి గీసినవాడు మిత్రుడైనచో, దానిని గురించి వ్రాయుట కష్టము. పొగడినచో స్నేహధర్మమందురు, తప్పెన్నినచో ద్రోహమందురు. ఉన్నదున్నట్లు వర్ణింతమన్న, ఉన్నవి గీతలే గదా!

ఈ చిక్కునకు 1914లో జర్మనీయందు ఇద్దరు మిత్రులు చూపిన మార్గము స్మరింపదగినది. ఒకరు విచిత్ర కల్పనలకు పేరుపొందిన రచయిత పాల్ షేర్బార్టు. అప్పటికి ఏబది దాటినవాడు. రెండవవారు ముప్పది నాలుగేండ్ల వాస్తుశిల్పి బ్రూనో టౌటు. షేర్బార్టు ఆ యేట “గాజు వాస్తువు” అను చిన్న గ్రంథమును ప్రకటించి టౌటునకు అంకితము చేసెను. ఆ యేటనే కొలోన్ నగర ప్రదర్శనములో టౌటు ఒక గాజు మండపము నిర్మించి షేర్బార్టునకు అంకితమిచ్చెను. మండపపు పట్టీపై మిత్రుని రెండేసి పాదముల సూక్తులు వ్రాయించెను. లోపల రంగుగాజుల వెలుగులో మెట్లమీదుగా నీరు జారుచుండెను.

షేర్బార్టు గ్రంథము మిత్రుని పటములకు టీక కాదు. అందు 111 చిన్న ప్రకరణములు కలవు. ఒకచోట జంట గాజుగోడలు, ఒకచోట గదిలో సామాను ఉంచవలసిన తావు, వేరొకచోట తోట, మరొకచోట రాత్రి దీపకాంతి. మూసిన గదులలో పెరిగిన సంస్కృతి మారవలెనన్న, ఆ గదులలోనికి సూర్యచంద్ర నక్షత్రముల వెలుగు రావలెనని అతని వాదము. అతడు భవనమును బయట నిలిచి మెచ్చుకొనలేదు. లోనికి పోయి నివసించెను. ఆ గాజుటింటిలో పగటివేళ కునుకు తీయదలచినవాని గతి ఏమని పాఠకుడు అడుగవచ్చును. అట్లు అడిగినాడనగా, లేని యింటిలో అతడప్పుడే కాపురము పెట్టినాడన్నమాట!

ప్రదర్శనము సాగుచుండగనే ప్రథమ ప్రపంచ సంగ్రామము వచ్చిపడెను. 1915లో షేర్బార్టు మరణించెను. గాజు మండపమును తరువాత పడగొట్టిరి. టౌటు మాత్రము గీయుట మానలేదు. 1919లో వెలువడిన అతని “ఆల్ప్స్ వాస్తువు”లో 30 పటములు కలవు. మంచుకొండలపై స్ఫటికపు గోపురములు, వాని గీతల నడుమ చేతివ్రాతతో అతని మాటలు. యుద్ధమునకు వెచ్చించు శ్రమను ఇట్టి నిర్మాణమునకు వెచ్చింపుడని యూరపు ప్రజలను అందులో వేడుకొనెను. అది జరుగు పనియా యని నవ్వినవారుందురు. కాని జరుగు పనులని పేరుపడి ఆ యేండ్లలో జరిగినవేవి? కందకములు త్రవ్వుట, ఫిరంగులు పోతపోయుట!

స్ఫటిక గోపురములు లేవలేదు. అయినను 1925 మొదలు అదే టౌటు, మార్టిన్ వాగ్నర్‌తో కలిసి, బెర్లిను నగరములో సామాన్య కుటుంబములకై గుర్రపునాడా ఆకారపు నివాసపంక్తిని నిర్మించెను. అందు గాజుగోడలు లేవు. రంగు కలదు, వెలుగు కలదు, తోట కలదు. 2008లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వపు పట్టికలో చేర్చినది. ఊహాచిత్రము ఇల్లు కాకపోయినను, ఇల్లు కట్టు చేతికి చూపు నేర్పునని తలచుటకు ఇంతకంటె నిదర్శనమేల?

మాంటేన్ 1580లో తన రచనలకు పెట్టిన ఫ్రెంచి పేరునకు “ప్రయత్నములు” అని అర్థము. మన పాఠశాలలలో వ్యాసమనగా ఉపోద్ఘాతము, విషయవివరణము, ఉపసంహారము అను మూడు గదుల యిల్లు. తొలి శిక్షణకు అది మంచిదే. కాని ఇంకను పుట్టని వస్తువును గురించి వ్రాయవలసినపుడు ఆ కొలత చాలదు. ఒక విద్యార్థి గీసిన ఊహాగృహమును ఉపాధ్యాయుడు మరియొక విద్యార్థి ముందుంచవలెను. ఉదయపుటెండ ఏ వైపున పడును? అవ్వ ఎచట కూర్చుండును? నీళ్లబిందె ఎచట దింపుదురు? అంత పెద్ద వసారాను ఊడ్చువారెవరు? ఈ ప్రశ్నలకు జవాబు వెదకుచు వ్రాసినదే వ్యాసము కావలెను. ప్రకరణములు మూడైనను సరే, ముప్పదియైనను సరే.

దానికి మార్కులు వేయుట ఉపాధ్యాయునకు కొంత కష్టమే. అయినను ఆ వ్యాసము చదివి, గీసినవాడు తన పటములో ఒక కిటికీ మార్చుకొన్నచో, వ్రాసినవాడు ఉత్తీర్ణుడైనట్లే.