రాజీనామా చేసినోడి సీటు, చెయ్యనోడి సీటు



మొన్న కల్లూరు సెంటర్‌లో టీ తాగుతుంటే ఇద్దరు డిగ్రీ పిల్లలు నన్ను పంచాయితీలోకి లాగారు. "అన్నా, ఒకసారి రాజీనామా చేసిపోయినోడు మళ్లీ గెలిచొస్తే ఆ సీటు వాడిదెట్లయితది?"

వాడిదే అయితది. నాకు ఇందులో అనుమానం లేదు.

2019లో కర్ణాటకలో 17 మంది ఎమ్మెల్యేల మీద స్పీకర్ అనర్హత వేటు వేశారు. ఆ అసెంబ్లీ గడువు తీరేదాకా పోటీయే చెయ్యకూడదన్నారు. వాళ్లలో చాలామంది అప్పటికే రాజీనామాలు ఇచ్చి ఉన్నారు. ఆ ఏడాది నవంబర్ 13న సుప్రీంకోర్టు ఏం చెప్పిందో చూడండి. రాజీనామా ఇచ్చినంత మాత్రాన అంతకుముందు చేసిన ఫిరాయింపు మాసిపోదు, అనర్హత సరైనదే అంది. కానీ మళ్లీ పోటీ చెయ్యకుండా ఆపే అధికారం స్పీకర్‌కు లేదు అంది. డిసెంబర్‌లో 15 సీట్లకు ఉప ఎన్నికలు జరిగితే బీజేపీ 12 గెలిచింది. వాళ్ల రాజకీయం నాకు రోత. అయినా జనం దగ్గరికి పోయి గెలిచొచ్చినోడిని నీది కాదు పొమ్మనడానికి మనమెవరం? ఈటల రాజేందర్ 2021 జూన్‌లో రాజీనామా చేసి, నవంబర్‌లో వేరే గుర్తు మీద హుజూరాబాద్ గెలిచారు. ఆ సీటు ఆయనదే.

తమ్ముళ్లూ, మీరు ప్రశ్న తప్పు మనిషిని అడుగుతున్నారు. రాజీనామా చెయ్యనోడి సంగతేంది?

2018లో మన ఉమ్మడి ఖమ్మంలో 10 సీట్లలో టీఆర్ఎస్ గెలిచింది ఒక్క ఖమ్మమే. తర్వాత ఒక్కొక్కరే కారెక్కితే చివరికి మిగిలినవి మధిర, భద్రాచలం. పదిలో ఏడు రిజర్వుడు. ఆ ఏడులో సత్తుపల్లి, అశ్వారావుపేట, పినపాక, ఇల్లెందు, వైరా, అయిదూ గోడ దూకినయ్. ఒక్కరంటే ఒక్కరు రాజీనామా చేసి మళ్లీ మన గుమ్మం తొక్కలేదు. మా అమ్మ సైకిల్‌కు ఓటేసింది. 2021లో "ఏందిరా, నేను కారుకు ఎప్పుడేశిన?" అని అడిగింది. నా దగ్గర పదో షెడ్యూల్ ఉంది గానీ జవాబు లేదు.

ఆ షెడ్యూల్లో మూడింట రెండు వంతుల మంది కలిసిపోతే విలీనం. ఒక్కడు దూకితే ఫిరాయింపు, గుంపుగా దూకితే చట్టబద్ధం! 2019లో కాంగ్రెస్‌కు 19 మంది ఎమ్మెల్యేలు. ఉత్తమ్ కుమార్ రెడ్డి నల్లగొండ ఎంపీగా గెలిచారు. కొత్త సీటు నిలుపుకోవాలంటే 14 రోజుల్లో పాతది వదలాలి, రూలు ప్రకారమే జూన్ 5న హుజూర్‌నగర్ వదిలేశారు. 19 కాస్తా 18 అయింది. మరునాడే 12 మంది స్పీకర్ దగ్గరికి పోయారు. లెక్క సరిగ్గా రెండు వంతులు! రాజీనామా చేసిన ఒక్కరు తన రెండో సీటు చట్టప్రకారం తీసుకున్నారు, చెయ్యని 12 మంది పాత సీట్లు పట్టుకునే పార్టీ మారారు. ఆ దెబ్బకు ప్రతిపక్ష నేత హోదా పోయింది ఎవరికి? మన పక్కనున్న మధిర దళిత ఎమ్మెల్యే భట్టి విక్రమార్కకు.

ఇవాళ ఆయన ఉప ముఖ్యమంత్రి. బీఆర్ఎస్ గుర్తు మీద గెలిచిన 10 మంది కాంగ్రెస్ వైపు పోయారని ఆ పార్టీ ఫిర్యాదు చేసింది, అందులో మన భద్రాచలం ఎమ్మెల్యే పేరూ ఉంది. మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. అప్పుడు ఏడ్చినోళ్లు ఇప్పుడు నవ్వుతుంటే, అప్పుడు నవ్వినోళ్లు ఇప్పుడు కోర్టు మెట్లెక్కారు.

"ఉప ఎన్నికంటే డబ్బు పంచుడే కదన్నా, రిజర్వుడు సీటోడు ఆ ఖర్చు యాడ తెస్తడు?" అని ఒక తమ్ముడు అడిగాడు. నిజమే. 1932 పూనా ఒప్పందం నుంచి మన సీటు మనదే గానీ గెలిపించే ఓటు అందరిది, టికెట్ హైదరాబాద్‌ది. రాజీనామా చేసి తన పేరు మీద నిలబడే దమ్ము మన ఎమ్మెల్యేకు లేకుండా చేసింది ఆ ఏర్పాటే. కానీ దాన్ని సాకుగా ఒప్పుకోను. హుజూరాబాద్‌లో ఉప ఎన్నిక దగ్గర పడుతుండగానే నియోజకవర్గం మొత్తానికి దళితబంధు వచ్చింది, కుటుంబానికి 10 లక్షలు. ఎన్నికల ఎర అన్నారు, నేనూ అన్నాను. అయినా ఓటు మళ్లీ అడగాల్సి వచ్చినప్పుడే కదా మాదిగ, మాల వాడలు గుర్తొచ్చినయ్. మన ఎమ్మెల్యేలు మారినప్పుడు మనల్ని ఆమాత్రం కూడా అడగలేదు.

నా డిమాండ్ చిన్నది. పార్టీ మారిన రోజే సీటు ఖాళీ కావాలి, విలీనం పేరుతో ఇచ్చిన మినహాయింపు పోవాలి. ఈసారి కండువా మార్చుకొని కల్లూరు వచ్చినోడికి మా అమ్మ ప్రశ్నే వెయ్యండి. వీడియో తీసి పెట్టండి.

వచ్చే భాగంలో బీ-ఫారం గురించి రాస్తాను.