మధ్యలో ఆపినవాడు దొంగ కాదు

పాత వీడియో గేముల ప్రియుల మధ్య ఇప్పుడొక మాట వేదవాక్కులా చెలామణి అవుతోంది. హార్డ్‌కోర్‌లో గెలవని గెలుపు గెలుపే కాదట. పాత ఆటలు ఆడించే, చేతిలో ఇమిడే ఎమ్యులేటర్ ఒకటి కొనుక్కుని, దానికి అచీవ్‌మెంట్ల లెక్క ఎలా పెట్టుకోవాలని కొత్తవాడెవరైనా అడిగితే మొదట వచ్చే జవాబు ఇదే: హార్డ్‌కోర్ ఆన్ చెయ్యి, లేదంటే ఆ జోలికే పోకు. టీవీ ముందు కాళ్లు చాపుకుని ఆడేవాడి విషయంలో ఈ మాటలో సగం నిజం ఉండొచ్చు. నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సెక్కి, శిరివెళ్ల దాటేలోపు ఒక స్టేజీ అయినా ముగిద్దామనుకునేవాడి విషయంలో మాత్రం ఇది శుద్ధ తప్పు.

తెలియనివారి కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి. ఆటలో ఫలానా పని చేస్తే ఫలానా బ్యాడ్జి అనే పద్ధతిని 2005లో ఎక్స్‌బాక్స్ 360 అందరికీ అలవాటు చేసింది. 2007లో స్టీమ్, 2008లో ప్లేస్టేషన్ అదే దారి పట్టాయి. మరి 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌కు బ్యాడ్జీలు ఎక్కడి నుంచి వస్తాయి? 2012లో మొదలైన రెట్రోఅచీవ్‌మెంట్స్ నుంచి వస్తాయి. అందులో ఔత్సాహికులే పాత ఆటలను విప్పి చూసి, ఒక్కోదానికి లక్ష్యాలు రాస్తారు. జీతం లేదు, బత్తెం లేదు.

వాళ్ల పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. మారియో నడిచిన నింటెండో యంత్రంలో పనిచేసే మెమరీ మొత్తం రెండు కిలోబైట్లు, అంటే 2,048 గదులు. 075ఎ నంబరు గదిలో మారియోకు మిగిలిన ప్రాణాలుంటాయి, 075ఇ గదిలో నాణేలుంటాయి. ఎమ్యులేటర్ సెకనుకు సుమారు 60 సార్లు ఈ గదుల్లోకి తొంగిచూస్తుంది. లక్ష్యం రాసినవాడు పెట్టిన షరతుకు అక్కడి అంకెలు సరిపోయాయా, తెర మూలన చిన్న బొమ్మ మెరుస్తుంది. ఆట తయారైనప్పుడు దానిలో లేని బహుమతిని, ఆటలో ఒక్క అక్షరం మార్చకుండా బయటి నుంచే ఇస్తున్నారన్నమాట.

దీన్ని మన పరికరంలో పెట్టుకోవడం బ్రహ్మవిద్యేమీ కాదు. రెట్రోఅచీవ్‌మెంట్స్‌లో ఒక ఖాతా తెరవాలి. పరికరంలో పాత ఆటలు నడిపే రెట్రోఆర్చ్ అనే ప్రోగ్రామ్ తెరిచి, సెట్టింగ్స్‌లో అచీవ్‌మెంట్స్ ఆన్ చేసి, పేరూ పాస్‌వర్డూ కొట్టాలి. తెర మీది అక్షరాలను బాణం బటన్లతో ఒక్కొక్కటే వెతుక్కోవడమే ఇందులో అసలు శిక్ష, పాస్‌వర్డ్‌లో పెద్దక్షరాలూ చుక్కలూ ఉంటే మరీను. ఆట మొదలయ్యేటప్పుడు నెట్ ఉండాలి. మియూ మినీ ప్లస్ అనే పరికరంలో వైఫై ఉంది. చౌకలో దొరుకుతుందని మనవాళ్లు ఎక్కువగా కొనే ఆర్36ఎస్‌లో లేదు, డాంగిల్ తగిలించాలి. ఏ పరికరమైనా బస్సులో ఉన్నప్పుడు ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. మధ్యలో సిగ్నల్ పోతే గెలిచిన బ్యాడ్జి పరికరంలోనే వేచి ఉండి, సిగ్నల్ రాగానే వెళ్తుంది. అది వెళ్లకముందే ఆట మూసేస్తే మాత్రం గోవిందా. బనగానపల్లె దాటి యాగంటి కొండల్లోకి మలుపు తిరిగే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

ఇక ఆ అచీవ్‌మెంట్స్ మెనూలోనే హార్డ్‌కోర్ మోడ్ అనే మీట ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే సేవ్ స్టేట్‌ను, అంటే ఆటను ఏ క్షణంలోనైనా ఉన్నదున్నట్టు దాచుకున్న కాపీని, తిరిగి తెరవనివ్వదు. వెనక్కి తిప్పడం, వేగం తగ్గించడం, చీట్లు అన్నీ బంద్. ఆట తనలో తాను దాచుకునే సేవ్ మాత్రం పనిచేస్తుంది. ఆఫ్‌లో ఉంటే సాఫ్ట్‌కోర్. పాయింట్లు వస్తాయి గానీ వేరే లెక్కలో పడతాయి, స్కోర్ల పోటీ పట్టికలోకి పేరెక్కదు.

ఇప్పుడు మియూ మినీ ప్లస్ తీసుకోండి. మూడున్నర అంగుళాల తెర, చొక్కా జేబులో పట్టేంత వస్తువు. దానిలో ఆనియన్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుంటే, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే ఆట ఉన్న చోటును ఉన్నట్టే దాచి ఆగిపోతుంది. రేపు ఆన్ చేస్తే మారియో అదే గెంతులో గాల్లో ఉంటాడు. ఈ పరికరాన్ని జనం నెత్తిన పెట్టుకోవడానికి కారణాల్లో ఇదొకటి. ఆ దాచుకోవడం సేవ్ స్టేటే కాబట్టి హార్డ్‌కోర్‌లో అది చెల్లదు. ఏ సౌకర్యం చూసి వస్తువు కొన్నారో దాన్నే కట్టేసుకుని ఆడమనడం ఏ రకం నిష్ఠ?

స్లీప్‌లో పెట్టుకోవచ్చు కదా అంటారు పెద్దలు. చౌక పరికరాల్లో చాలావాటికి సరైన నిద్ర రాదు. తెర ఆరిపోతుంది, లోపల బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. సాయంత్రం తెరిచి చూస్తే బ్యాటరీ ఖాళీ, ఆటా ఖాళీ.

హార్డ్‌కోర్ వాదులు ఎక్కువగా వాడే ఆయుధం చరిత్ర. ఆ రోజుల్లో సేవ్ స్టేట్లు ఎక్కడివి, మేం అలాగే ఆడాం, మీరూ అలాగే ఆడండి అంటారు. ఈ చరిత్రను కాస్త తరచి చూడాలి. మధ్యలో ఆపుకునే వీలు లేకపోవడం పెద్ద లోటని ఆటలు చేసినవాళ్లకే తెలుసు. అందుకే 1987లో అమెరికాలో విడుదలైన లెజెండ్ ఆఫ్ జెల్డా క్యాసెట్‌లో బ్యాటరీ పెట్టి మరీ సేవ్ చేసుకోనిచ్చారు. మెగామ్యాన్ 2లో పాస్‌వర్డ్ ఇచ్చారు. 1996లో గేమ్ బాయ్ మీద వచ్చిన పోకెమాన్‌లో పోరు మధ్యలో తప్ప దాదాపు ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు. చేతిలో పట్టుకుని ఆడేవాడిని ఎప్పుడు ఎవరు పిలుస్తారో తెలియదని వాళ్లకు తెలుసు.

చీట్ల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. ప్రపంచమంతా బట్టీ పట్టిన కొనామి కోడ్ పుట్టింది 1986లో, గ్రేడియస్ ఆటను ఇంటి యంత్రానికి మార్చే పనిలో. ఆ పని చేస్తున్న కజుహిసా హషిమోటోకు పరీక్ష కోసం ఆడుతుంటే ఆట మరీ కష్టంగా తగిలింది. తన సౌకర్యానికి ఒక అడ్డదారి పెట్టుకున్నాడు, అది ఆటలోనే ఉండిపోయింది. ఆట చేసినవాడికే చేతకాని నిష్ఠను ఆడేవాడి నెత్తిన రుద్దుతున్నాం.

అసలు ఆట అంటే ఏ ఆట అన్నది మరో ప్రశ్న. నింజా గైడెన్ 3 జపాన్‌లో ఎన్నిసార్లు ఓడినా కొనసాగించవచ్చు. 1991లో అమెరికాకు పంపినప్పుడు దెబ్బల తీవ్రత పెంచి, కొనసాగింపులు ఐదుకు తగ్గించారు. ఈ రెండింట్లో ఏది పవిత్ర గ్రంథం?

మన ఊళ్లకు వచ్చేసరికి ఈ చరిత్ర వాదం పూర్తిగా కూలిపోతుంది. తొంభైల్లో తెలుగు పట్టణాల్లో ఇళ్లకొచ్చిన వీడియో గేముల్లో ఎక్కువభాగం నింటెండోకు నకళ్లు. క్యాసెట్ మీద 9999999 ఆటలని అచ్చేసి ఉండేది. లోపల ఉన్నవి కొన్నే, అవే వేర్వేరు పేర్లతో మళ్లీ మళ్లీ వచ్చేవి. ఒకే కాంట్రా ఒక వరుసలో ముప్పై ప్రాణాలతో, ఇంకో వరుసలో నేరుగా ముందు స్టేజీతో మొదలయ్యేది. మూడు ప్రాణాలతో మొదలయ్యే అసలు కాంట్రాను ఆ ఇళ్లలో ఎందరు చూశారు? రాయలసీమలో ఆ ఆటను ముగించానని ఇప్పటికీ చెప్పుకునేవాళ్లలో చాలామంది, నేటి కొలమానం ప్రకారం, సాఫ్ట్‌కోర్ ఆటగాళ్లు. ఇంకో విశేషం ఏమిటంటే రెట్రోఅచీవ్‌మెంట్స్ ప్రతి ఆటను దాని ఫైలు వేలిముద్రతో గుర్తుపడుతుంది. ఆ కలగూరగంప క్యాసెట్ కాపీని యథాతథంగా పెట్టి మూల ఆట బ్యాడ్జీలు ఇమ్మంటే ఇవ్వదు, వేలిముద్ర కలవదు. పరికరంతోపాటు వచ్చే కార్డులోని వేల ఆటల్లోనూ కొన్నింటికి అంతే. అవి ఎవరి అనుమతీ లేని కాపీలన్నది వేరే సంగతి, దాని గురించి మాత్రం నిష్ఠాపరులు నోరు మెదపరు.

పోటీ ఉన్న చోట కట్టుదిట్టం అవసరమే, కాదనేది లేదు. డాంకీ కాంగ్ స్కోర్లతో పేరు తెచ్చుకున్న బిల్లీ మిచెల్ విషయంలో అదే జరిగింది. ఆయన టేపులు అసలు ఆర్కేడ్ యంత్రం మీద ఆడినవి కావన్న ఫిర్యాదుతో, వీడియో గేమ్ రికార్డులు నమోదు చేసే ట్విన్ గెలాక్సీస్ సంస్థ 2018లో ఆయన స్కోర్లను తొలగించింది. వ్యవహారం కోర్టుకెక్కి 2024లో రాజీతో ముగిసింది, స్కోర్లను పాత రికార్డుల భాండాగారంలో తిరిగి పెట్టారు. ఒకరి పేరు మీద ఇంకొకరు నిలబడే పట్టికలో రుజువు అడగాల్సిందే. అందుకే రెట్రోఅచీవ్‌మెంట్స్ ఆ పట్టికలను హార్డ్‌కోర్‌కే పరిమితం చేసింది, అది న్యాయం. కానీ బస్సులో కూర్చున్న కుర్రాడు ఎవరి పేరు మీదా నిలబడటం లేదు. అతని బ్యాడ్జి సాఫ్ట్‌కోర్ లెక్కలోనే ఉంది. దాచిందేమీ లేనప్పుడు దొంగతనం ఎక్కడిది?

ప్రతి గెంతుకూ ముందు సేవ్ కొట్టి, తప్పితే మళ్లీ తెరిచే రకాలు ఉన్నారు నిజమే. అలా ఆడితే ఆటలో రుచి ఉండదు. అయితే ఆ అలవాటుకూ, స్టాప్ వచ్చిందని దిగేముందు ఆటను దాచుకోవడానికీ చాలా దూరం ఉంది. ఒకే మీట రెండింటినీ ఒకే గాటన కడుతోంది. యాగంటిలో అగస్త్య గుహకు నిట్టనిలువు మెట్లెక్కి పైకి చేరినవాడిని, దారిలో ఎన్నిసార్లు కూర్చున్నావని పూజారి అడగడు.

అచీవ్‌మెంట్లే వద్దు, ఆటను ఆటలా ఆడాలి అనే ఇంకో వర్గమూ ఉంది. వాళ్లకు చెప్పేది తక్కువ. 1982లోనే ఆక్టివిజన్ సంస్థ తన పిట్‌ఫాల్ ఆటలో 20,000 పాయింట్లు దాటినట్టు టీవీ తెర ఫొటో తీసి పంపినవారికి కుట్టుకునే గుడ్డ బ్యాడ్జీ పోస్టులో పంపేది. లెక్కపెట్టుకోవడం కొత్త జబ్బు కాదు. వేల ఆటలున్న కార్డులో ఒక్కోదాన్ని ఐదు నిమిషాలు తిప్పి వదిలేసేవాడిని ఒకే ఆట దగ్గర కూర్చోబెట్టడానికి ఇప్పటికి ఇంతకంటే మంచి ఉపాయం కనిపించడం లేదు.

కాబట్టి కొత్తగా కొన్నవారికి ఒక మనవి. ఖాతా తెరవండి, అచీవ్‌మెంట్స్ ఆన్ చేయండి, హార్డ్‌కోర్ ఆఫ్‌లో పెట్టండి, ఇంట్లో వైఫై మీద ఒక ఆట తెరిచి లాగిన్ అయిందో లేదో చూసుకుని బయల్దేరండి. ఎప్పుడైనా తీరిక దొరికి, పంతం పుట్టి, హార్డ్‌కోర్ ఆన్ చేస్తే ఆట మొదటి నుంచి మొదలవుతుంది. సాఫ్ట్‌కోర్‌లో వచ్చిన ప్రతి బ్యాడ్జినీ అందులో మళ్లీ గెలుచుకోవచ్చు, సైటు దాన్ని విడిగా రాసుకుంటుంది.