హాజరుపట్టీలో లేని పిల్లలు

సూరత్‌లోని లింబాయత్ వైపు వెళితే వీధిలో తెలుగు వినిపిస్తుంది. ఓరుగల్లు, కరీంనగర్, నల్గొండ పల్లెల నుంచి సాంచాల (మరమగ్గాల) పని వెతుక్కుంటూ వెళ్లిన పద్మశాలీ కుటుంబాలవి. అక్కడి నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక బడులు నడుపుతోంది. వేరే రాష్ట్రం ఇంత చేయడం మెచ్చుకోదగ్గదే.

నా బాధంతా ఆ బడి మానేసిన పిల్లల గురించే. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి పద్నాలుగేళ్ల లోపు వాళ్లను పనిలో పెట్టుకోకూడదన్నారు. బడి అయ్యాక, సెలవుల్లో ఇంటి పనికి సాయపడొచ్చని వెసులుబాటూ ఇచ్చారు. ఒంటిగది ఇంట్లో చీరలకు రాళ్లు అతికించే పిల్లకు బడి ఎప్పుడు అయిపోయిందో ఏ ఇన్‌స్పెక్టర్‌కు తెలుస్తుంది?

ఇలాంటి పిల్లల కోసమే 1988లో జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలైంది. జిల్లా కలెక్టర్ అధ్యక్షతన సొసైటీ, దాని కింద ప్రత్యేక శిక్షణ కేంద్రాలు, 2017 నుంచి పిల్లలకు నెలకు 400 రూపాయల భృతి ఉండేవి. 2021లో దాన్ని సమగ్ర శిక్షా అనే పాఠశాల విద్యా పథకంలో కలిపేశారు. కలపడం మంచిదే. బడి బయటి పిల్లల్ని వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకుని, ప్రత్యేక శిక్షణ ఇచ్చి, పద్నాలుగు దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచితంగా చదివించమని విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ చెబుతూనే ఉంది. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ బ్రిడ్జి కోర్సు శిబిరాలు నడిపింది కూడా పిల్లల్ని మామూలు బడికి చేర్చడానికే.

ఇక తనిఖీ సంగతి. రిజిస్టరు, వోచర్లు, హాజరు చూసి సంతకం పెడితే శిక్షణ కేంద్రం సంగతి తెలుస్తుంది, పిల్లవాడి సంగతి తెలియదు. రెండేళ్ల తర్వాత అతను ఏ తరగతిలో ఉన్నాడు? ఏ భాషలో చదువుతున్నాడు? దీపావళికి సాంచాలు ఆగినప్పుడు సొంతూరు సిరిసిల్ల వెళ్లి తిరిగి రాకపోతే సూరత్‌లో పేరు కొట్టేస్తారు. సిరిసిల్లలో రాసుకునే వాళ్లు ఉండరు. రెండు రాష్ట్రాల లెక్కలూ శుభ్రంగానే కనిపిస్తాయి.

బడుల వివరాలు నమోదయ్యే యూడైస్ ప్లస్‌లో ఇప్పుడు ప్రతి విద్యార్థికీ శాశ్వత సంఖ్య ఉంది. ఇంకో బడి చేర్చుకునేదాకా ఆ సంఖ్య బాధ్యత పాత బడిదేనని గుజరాత్, తెలంగాణ విద్యాశాఖలు ఒప్పుకోవాలి. దీపావళి తర్వాత తిరిగిరాని పిల్లల జాబితాను సూరత్ నుంచి నెలలోగా హైదరాబాద్‌కు పంపాలి. అందుకున్నామని ఇక్కడి అధికారి సంతకం చేయాలి.